పసుపు గడి

సోమవారం. తల: మధ్యాహ్నం దాకా బాగుంది.

రోజూ తల తిరిగిందా లేదా అన్న ఒక్క ముక్క రాయమంది డాక్టర్ జుబేదా. ఒక్క ముక్కతో ఆపడం నా వల్ల కాదని ఆమెకూ తెలుసు. "రాయండి హైమవతిగారూ, చదివేది నేనేగా" అని నవ్వింది. కాబట్టి ఇదంతా చదవడం ఆమె ఖర్మ.

పొద్దున కొంగు అంచుకు కుట్టిన సీసపు గుళ్లన్నీ ఉన్నాయో లేదో చూసుకుని బండెక్కాను. గుళ్లు లేకుండా చీర కట్టుకుని బయటికొస్తే మా నింగిపాలెంలో కొంగు ఒక వీధిలో, మనిషి ఇంకో వీధిలో ఉంటారు. ఊరికున్న బరువు చిటికెడు. గోడల్లోని గాలిగూళ్లు ఊదడం మొదలుపెడితే ఆ చిటికెడూ ఓడిపోతుంది. బండిలో కూర్చుని, వీధి వెంట కట్టిన తాడు పట్టుకుని ఒక్కసారి లాగితే చాలు, నేలకు జానెడు ఎత్తున జారుకుంటూ పోతుంది. పైన అద్దపు కప్పులోంచి, పేరుకే దిగువైన దిగువలోకం కొబ్బరిచిప్పలా తెల్లగా, నీలంగా కనిపిస్తోంది. నేను పుట్టింది అక్కడే. పెళ్లయి ఇక్కడికి వచ్చాను. ఆ మనిషి పోయాడు, ఊరు మిగిలింది.

ఇన్నేళ్లూ ఈ తేలికకు అలవాటుపడ్డ ఒళ్లు అరవై దాటగానే ఆ అలవాటు మరిచిపోయింది. కాసేపు తిరిగితే చాలు, రక్తమంతా తలకు చేరుతుంది. చెవుల్లో తేనెటీగలు మొదలవుతాయి. మనుషుల మాటలు పక్క ఊరి నుంచి వస్తున్నట్టుంటాయి. అప్పుడు నాకు బరువు కావాలి. అందుకే ప్రతి కొట్టు ముందూ బండి పట్టేంత పసుపు గడి వేసి ఉంటుంది. ఆ గడిలో మాత్రం దిగువలోకమంత బరువు. అక్కడ కాసేపు ఆగితే రక్తం కాళ్లకు దిగుతుంది, లోకం మళ్లీ దగ్గరికొస్తుంది. "బరువు కావలసినవారికి మాత్రమే" అని గడి మీద అరచేయంత అక్షరాలతో రాసి ఉంటుంది.

ఇవాళ సువార్త టిఫిను కొట్టు ముందు గడిలో ఎర్రబండి ఉంది. పరాంకుశంగారిది, సంగీతం మాస్టారు. కొట్టులోంచే చెయ్యి ఊపి "రెండు నిమిషాలేనమ్మా" అన్నాడు. మా ఊళ్లో దోసె పిండి గరిటెలోంచి పెనం మీదికి దిగడానికే రెండు నిమిషాలు పడుతుంది. నూనె కొట్టు గడిలో మరెవరిదో బండి. బట్టల కొట్టు గడిలో ఖాళీ పెట్టెల గుట్ట. తేనెటీగలు మొదలయ్యాయి. నూనె కొనకుండానే ఇంటికొచ్చి, మంచం కింద ఉన్న నా సొంత గడిలో వెల్లకిలా పడుకున్నాను. చారులో తాలింపు లేదు.

బుధవారం. తల: తిరిగింది, కొంచెం.

గడిలో బండి ఎందుకు పెడతారో చెప్పాలి. పాపం, పెట్టేవాళ్లకు నా మీద కక్షేమీ లేదు. గడిలో పెట్టిన బండిని కట్టక్కర్లేదు, బరువుకు అదే ఉంటుంది. మిగతా చోట్ల అయితే కొక్కేనికి తాడు వేసి మూడు ముళ్లు వెయ్యాలి. రెండే వేస్తే గాలి విప్పేస్తుంది. మా ఊళ్లో పెళ్లికీ మూడు ముళ్లే, బండికీ మూడు ముళ్లే. రెండింటికీ బద్ధకించే మగవాళ్లకు కొదవలేదు.

ఇవాళ అదృష్టం బాగుండి సువార్త కొట్టు గడి ఖాళీగా దొరికింది. బరువు తనివితీరా ఎక్కించుకుని లోపలికి వెళ్లాను. సువార్త ఇక్కడే పుట్టిన పిల్ల. నాకంటే రెండు జానలు పొడుగు, చేతులు వెదురుపుల్లలు. నడవదు, ఒక గెంతు వేస్తే కొట్టు ఆ చివర తేలుతుంది. ఇడ్లీ పాత్ర మూత తీస్తే ఆవిరి గుండ్రంగా ముద్దకట్టి ఆమె తలచుట్టూ కాసేపు నిలబడింది. అట్లా చూస్తూ ఉండిపోవాలనిపించింది.

"నీకెందుకు పిన్నీ ఈ తిప్పలు? సాయంత్రం నేనే తెచ్చి ఇంటి దగ్గర ఇచ్చిపోతా గదా" అంది.

"తెచ్చిస్తే ఇడ్లీ వస్తుందే. బజారొస్తుందా?"

"బజార్లో ఏముందిలే. రోజూ చూసే మొహాలేగా."

"నువ్వు రోజూ చూస్తావు గనక అట్లా అంటావు."

ఆమె ఒక ఇడ్లీ ఎక్కువ వేసి, "మాస్టారితో నువ్వే ఒక మాట అనరాదూ" అంది.

"కొట్టు నీది. నువ్వే అనరాదూ?"

"పాటకొచ్చే పిల్లలందరికీ నా దగ్గరే టిఫిను తీసుకుపోతాడు పిన్నీ. ఆయన్నేమని అనేది?" అని తల దించుకుంది. కోపం రాలేదు నాకు. పొట్టకూటి పని కదా.

శుక్రవారం. తల: బండిలో కూర్చున్నాక బాగుంది. ఎవరి బండి అని అడక్కండి.

గడిలో మళ్లీ ఎర్రబండే. ఇవాళ నాకు తిక్క రేగింది. నా బండిని కొక్కేనికి మూడు ముళ్లతో కట్టి, వెళ్లి ఆ ఎర్రబండిలో ఎక్కి కూర్చున్నాను. ఎవరి బండి అయితేనేం, గడి గడేగా. మెత్తటి సీటు. కాళ్లలోకి బరువు గోరువెచ్చటి నీళ్లలా దిగింది. కాలివేళ్లు ఒక్కొక్కటీ నాకు తిరిగొచ్చాయి. బయట గాలిలో ఎవరో దులిపిన మిరపగింజలు వెలుతురులో పసుపు చుక్కలై అటూ ఇటూ తిరుగుతున్నాయి. కళ్లు మూసుకున్నాను.

కళ్లు తెరిచేసరికి పరాంకుశంగారు ఎదురుగా ఉన్నాడు, రెండు చేతులా టిఫిను పొట్లాలతో. నేను రెండు మాటలు సిద్ధం చేసుకునే ఉన్నాను.

"అయ్యయ్యో, లేవకండమ్మా, కూర్చోండి" అన్నాడు. "ఈ వయసులో ఎంతని తిరుగుతారు. ఎక్కడ దింపమంటారో చెప్పండి, నేను దింపుతాను."

"నన్నెక్కడా దింపొద్దండీ. నాక్కావలసింది ఈ గడి."

"ఉంటుందమ్మా, ఎక్కడికి పోతుంది" అని నవ్వుతూ బండెక్కి తాడు లాగాడు. గడి కిందనుంచి జారిపోయింది. నన్ను మా ఇంటి గుమ్మం దాకా తీసుకొచ్చి దింపి, దారి పొడుగునా ఒక మంచి కీర్తన కూడా పాడి, దండం పెట్టి వెళ్లాడు. నా బండి బజారులోనే ఉండిపోయింది. నేనేం కొనలేదు. ఉపకారం చేశానన్న తృప్తి ఆయన మొహంలో ఎంత వెలిగిందంటే, తిడదామన్నా నోరు రాలేదు. చెడ్డవాడైతే ఎంత హాయిగా ఉండేది.

ఆదివారం. తల: డాక్టరమ్మకే తెలుసు.

నిన్న బజారులో మూడు గళ్లు చూశాను, మూడింట్లోనూ బళ్లే. నాలుగోదాని దాకా వెళ్దామని కాలు నేలకు తన్నాను. అప్పుడే కళ్లు చీకట్లు కమ్మాయి. నేలను తన్నిన కాలు తన్నినట్టే ఉంది, స్పృహ మాత్రం పోయింది. గాలిగూళ్లు ఊదే వేళేమో, అలాగే పైకి పోయానట. కొట్ల పైకప్పులు దాటి, దీపాలు దాటి, అద్దపు కప్పుకు వీపు తగిలేదాకా.

మెలకువ వచ్చేసరికి బజారంతా నా కింద ఉంది. చిన్న చిన్న పసుపు గళ్లు, ప్రతిదానిలో ఒక బండి. ఎవరో చెరిపేద్దామని వేలు పెట్టినట్టు. చప్పుడు లేదు. నిజం చెప్పాలంటే చాలా అందంగా ఉంది. దీపాలు దించే కర్రతో సువార్త నా కొంగు పట్టి మెల్లగా కిందికి లాగింది. "ఉండు పిన్నీ, కదలబాక, వస్తన్నావు, వచ్చేశావు" అంటూ గాలిపటం దింపినట్టు దింపింది.

డాక్టర్ జుబేదా ఇవాళ నవ్వలేదు. ఇంకొక్కసారి ఇలా జరిగితే నన్ను బరువు ఇంటికి మారుస్తానంది. అది ఊరి అడుగున ఉంటుంది. నేలంతా బరువే. మంచం, మందు, వేళకు తిండి, మంచి మనుషులు. అక్కడికి వెళ్లినవాళ్లెవరూ తిరిగి పైకి రాలేదు. రానివ్వక కాదు, ఒళ్లు బొత్తిగా తేలికను మరిచిపోతుంది. నాకు భయం వేసింది. చచ్చిపోతానని కాదు. ఇంకెప్పుడూ ఒక కొట్టు ముందు నిలబడి "ఇదెంత?" అని అడగనేమోనని.

మంగళవారం. తల: తిరగలేదు. నవ్వుతో కడుపు నొప్పి.

బజారు కమిటీ పెద్ద కోటిలింగంగారు చాటింపు వేయించాడు. గళ్ల కింద ఉండే యంత్రం తన మీద బరువు పడినప్పుడల్లా గుర్తుపెట్టుకుంటుంది. కమిటీ వాళ్లు ఈ ఏడాది దాన్ని తీసి చూశారు. చూస్తే గళ్లన్నీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిండే ఉన్నాయట. దాంతో వాళ్లకు గుండె జారింది. ఊళ్లో సగం మందికి బరువు కావలసి వచ్చిందన్నమాట, పైకి చెప్పుకోలేక గళ్లలో నిలబడుతున్నారన్నమాట, పాపం అనుకున్నారు. అంచేత బజారు మొత్తానికి దిగువలోకమంత బరువు పెట్టిస్తారట. వచ్చే సంత రోజున సాయంత్రం దాకా పెట్టి చూస్తారు. బాగుంటే ఇక ఎప్పటికీ అంతే.

నవ్వాను. యంత్రానికి బండికీ మనిషికీ తేడా తెలియదు, సరే. కిటికీలోంచి తొంగిచూస్తే తెలిసేదాన్ని యంత్రం విప్పి తెలుసుకున్న కమిటీని ఏమనాలి.

తర్వాత నవ్వు ఆగిపోయింది. బజారంతా బరువంటే, ఈ చివర నుంచి ఆ చివరకు నేను నడవచ్చు. గడి అక్కర్లేదు, ఎవరి రెండు నిమిషాల కోసమూ ఎదురుచూడక్కర్లేదు. బరువు ఇంటి ఊసే ఉండదు. కమిటీ గదికి వెళ్లి "అవి మనుషులు కావయ్యా, బళ్లు" అని ఒక్క ముక్క చెబితే ఇదంతా పోతుంది. వెళ్లలేదు. పోనీ, వాళ్లే తెచ్చుకున్నారు, వాళ్లే మోస్తారు అనుకున్నాను. రాసేటప్పుడు కూడా సిగ్గుగా లేదు.

గురువారం. తల: బాగుంది.

బజారంతా ఇదే మాట. సువార్తకైతే పండగలా ఉంది.

"రోజంతా బరువుంటే ఎట్టా ఉంటది పిన్నీ? చిన్నప్పుడు బడిలో గడి మీద కాసేపు నిలబెట్టేవాళ్లు, ఎముకలు గట్టిపడాలని. కాళ్లు లాగేవి. అంతే గుర్తు."

"కడుపునిండా తిని నిద్రొచ్చినప్పుడు ఉంటుందే, ఒళ్లంతా దిగిపోయినట్టు. అట్లా ఉంటుంది."

"బానే ఉంది మరి."

"వాన కింద పడుతుంది. పైకీ పక్కకీ పోదు. తిన్నగా నెత్తి మీదే."

నమ్మలేదు ఆ పిల్ల. గరిటె ఎత్తి, అందులోంచి జారుతున్న పిండిని చూసింది. ఆ సన్నటి మెడ, ఆ వెదురుపుల్ల చేతులు చూసి నా మనసులో ఏదో కలుక్కుమంది. ఇంటికి వచ్చేశాను.

సంత రోజు. తల: తర్వాత రాస్తాను.

పొద్దున బజారు గుమ్మంలో బండి దిగి, లోపలికి ఒక అడుగు వేశాను. మడమ నేలను తాకింది. మళ్లీ ఇంకో అడుగు. చప్పుడైంది. నా అడుగుల చప్పుడు నేను విని ఎన్నేళ్లయిందో. కొంగు దానంతటదే వీపు మీద పడుకుంది. సీసపు గుళ్లు అనవసరంగా మోకాలికి కొట్టుకుంటుంటే కూర్చుని అన్నీ పీకేశాను.

నడిచాను. నూనె కొట్టు, బట్టల కొట్టు, పప్పుల కొట్టు, ఇన్నాళ్లూ దూరం నుంచే చూసిన గాజుల కొట్టు. ఒక్కో కొట్టు ముందు తీరిగ్గా ఆగి ధర అడిగాను. కొనడానికి కాదు. నా తల నీళ్లు తేరిన బిందెలా ఉంది. చెవుల్లో తేనెటీగలు లేవు. గాజుల మీద గాజులు పడే చప్పుడు కూడా వినిపించింది. నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఈ మాట ఇలా రాసి ఎన్నాళ్లయిందో కూడా గుర్తులేదు.

మిగతా జనం సంగతి చూడలేదని కాదు. మొదట్లో నవ్వులాటగానే ఉంది. పిల్లలు గెంతబోయి చతికిలపడ్డారు. బళ్లన్నీ ఎక్కడివక్కడ నేలకు కరుచుకున్నాయి, ఎవరూ ఒక్క ముడి కూడా వెయ్యలేదు. కాసేపటికి నవ్వులు తగ్గాయి. మనుషులు గోడలకు జారబడ్డారు. వంకాయలు తూచే ఆయన తక్కెడ ఎత్తలేక ఒళ్లో పెట్టుకున్నాడు. బజారులో నిటారుగా నడుస్తున్నది నేనొక్కదాన్నే అయ్యాను.

పరాంకుశంగారు వీధి మధ్యలో కూర్చుని ఉన్నాడు. పక్కన బియ్యం మూట. ఎర్రబండి ఇరవై అడుగుల అవతల, సువార్త కొట్టు గడిలోనే ఉంది. అలవాటు మరి. ఆయన చెయ్యి నా భుజం మీద వేసుకుని లేపాను. రెండో చేత్తో మూట పట్టుకున్నాను. దిగువన పుట్టిన ఎముకలు, ఇంకా పనికొస్తున్నాయి. ప్రతి నాలుగడుగులకూ ఆయన ఆగాడు. చెమటలు కారుతున్నాయి. చెమట కూడా కిందికే.

"మీకు రోజూ ఇలాగే ఉంటుందామ్మా?" అన్నాడు.

"లేదండీ. ఇవాళ నాకు బాగుంది."

ఆయన బండి దగ్గరికి చేరాక కూడా ఎక్కలేదు. దాని అంచు పట్టుకుని, కింద ఉన్న పసుపు రంగును చూస్తూ నిలబడ్డాడు.

టిఫిను కొట్టులో పొయ్యి వెలుగుతోంది, పెనం మాడుతోంది, మనిషి కనిపించలేదు. బల్ల అవతల చూస్తే సువార్త నేల మీద ఒత్తిగిలి పడి ఉంది. పొడుగాటి చేతులు రెండూ విడిగా పారేసినట్టున్నాయి. ఊపిరి చిన్నచిన్నగా, పైపైనే తీస్తోంది.

"ఏం కాలేదు పిన్నీ" అంది. "రొమ్ము మీద ఎవరో కూచున్నట్టుంది. కాసేపు పడుకుంటే పోద్ది."

పోదు. అది నాకు తెలుసు. ఈ బరువు కిందే పుట్టి పెరిగినదాన్ని నేను. ఈ పిల్ల పక్కటెముకలు చిటికెడు బరువుకు అల్లుకున్న బుట్ట. పొయ్యి ఆర్పి, ఆమె తలకింద నా కొంగు చింపి మడిచి పెట్టి, పరుగెత్తాను. అవును, పరుగెత్తాను. అరవై మూడేళ్లకు. బజారు ఆ చివరన ఉంది కమిటీ గది.

కోటిలింగంగారు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. పక్కన యంత్రం పిడి దగ్గర ఉన్న మనిషి బల్ల మీద తల పెట్టేశాడు.

"తీసెయ్యండి బరువు" అన్నాను. "గళ్లు నింపింది మనుషులు కాదు. బళ్లు. కట్టడానికి బద్ధకమై పెట్టే బళ్లు. నాకు మొదటి రోజే తెలుసు."

ఆయన అతి కష్టం మీద ముందుకు వంగాడు. "మరి నిజంగా బరువు కావలసినవాళ్లు ఎంతమందమ్మా?"

"ఈ బజారులో నేనొక్కదాన్నే. మిగతావాళ్లు గళ్లు దొరక్క ఎప్పుడో బరువు ఇంటికి పోయారు."

"ఒక్కరు" అన్నాడు నెమ్మదిగా. ఆ ఒక్క మాటతో, ఒక్కరి కోసం ఇన్నెందుకని, గళ్లు కూడా పోవచ్చు. అది నాకు తెలిసే చెప్పాను. ఆయనే మళ్లీ అందుకున్నాడు: "సాయంత్రం దాకా ఉంచుతామని చాటింపు వేశాం. మీకా, ఇవాళ చక్కగా ఉన్నట్టుంది. ఈ పూటకు ఉండనివ్వమంటారా?"

నా కాళ్లకేసి చూసుకున్నాను. మట్టి అంటుకున్న పాదాలు. ఇంకా పూలకొట్టు చూడలేదు. అక్కడ సువార్త ఊపిరి అలా చిన్నచిన్నగా తెగుతోంది.

"ఇప్పుడే తీసెయ్యండి" అన్నాను.

పిడి తిరిగింది. బరువు ఒక్కసారిగా పోలేదు, నిద్రపోతున్న పిల్ల చేతిలోంచి వేలు తీసుకున్నట్టు మెల్లగా పోయింది. మడమలు నేలను వదిలినప్పుడు ఏడ్చాను. కన్నీళ్లు జారలేదు. రెప్పలకే ముత్యాల్లా పట్టుకుని ఉండిపోయాయి.

బయటికొచ్చేసరికి బజారు బజారంతా పైకి లేస్తోంది. ఒక్కరూ ముడి వెయ్యలేదు కదా. బళ్లు, బుట్టలు, వంకాయలు, గాజులు, పూలదండలు, పైనున్న అద్దం వైపు మెల్లగా, ఒకదాన్నొకటి రాసుకుంటూ తేలిపోతున్నాయి. వాటి మధ్య తేరుకున్న జనం గెంతుతూ ఎవరి బండి వాళ్లు పట్టుకుంటున్నారు. కిందికి లాగిన బండిని ఆపడానికి దగ్గరి గడి ఎక్కడుందా అని వెతుక్కుంటున్నారు. నా చెవుల్లో తేనెటీగలు మొదలయ్యాయి. తాడు పట్టుకుని సువార్త కొట్టు దాకా వచ్చాను. సువార్త లేచి, బల్ల పట్టుకుని గాలిలో వేలాడుతూ, కడుపునిండా ఊపిరి పీలుస్తోంది. నన్ను చూసి తలూపింది.

ఆ కొట్టు ముందు గడి ఖాళీగా ఉంది. ఎర్రబండిని ఎవరో పక్కకు నెట్టినట్టున్నారు, అది ఇంటికప్పంత ఎత్తున తేలుతోంది. దాని తాడు కొస పరాంకుశంగారి చేతిలో ఉంది. కొక్కేలన్నీ జనం ఆక్రమించారు. గాలి బండిని లాగుతోంది, బండి ఆయన్ని లాగుతోంది. ఆయన కాళ్లు ఒకసారి నేల మీద, ఒకసారి గాలిలో ఉన్నాయి. ఆయన గడివైపు చూశాడు, నావైపు చూశాడు.

నేను వెళ్లి గడి నడిమధ్యన నిలబడ్డాను. కాళ్లలోకి రక్తం దిగసాగింది. ఆయన రెండు చేతులా తాడు పట్టుకుని, నేనెప్పుడు కదులుతానా అని కూడా చూడకుండా, అలాగే ఆగి నిలబడ్డాడు. నేను తొందరపడలేదు.